చెవిలో ఆగిన వాక్యం

బియ్యంలో రాళ్ళు ఏరడానికి స్వర్ణకుమారికి కళ్ళతో పని లేదు. చేటలో బియ్యం పల్చగా పరిచి అరచెయ్యి మెల్లగా తిప్పితే చాలు, గింజకీ రాయికీ తేడా వేళ్ళకు తెలిసిపోతుంది. ఆ ఉదయం కూడా వాకిట్లో కూర్చుని అలాగే ఏరుతోంది. గోడవారగా కుర్చీలో ఉన్న అత్తగారు సుజాతమ్మ, ఎదురింటి బెంగాలీ ఆవిడ గేటు తీసిన చప్పుడు వినగానే గొంతు తగ్గించి, "సేట వైపు సూసి ఏరే. ఆకాశం వైపు మొహం పెట్టి ఏరితే సూసినోళ్ళు ఏటనుకుంటారు?" అంది. స్వర్ణ తల దించింది. తనకు సరిగ్గా కనపడని బియ్యం వైపు చూస్తూ రాళ్ళు ఏరింది.

చూపు ఉన్నట్టు నటించడం ఆ ఇంట్లో వంట, అంట్లు, బట్టలతో పాటు ఆమె చెయ్యాల్సిన ఇంకో పని అయిపోయింది. మిగతా పనులకు మధ్యాహ్నం కాస్త తెరిపి ఉంటుంది. దీనికి అదీ లేదు. ఆమెది గ్లకోమా, పెద్దవాళ్ళు నీటికాసులంటారు. చుట్టూ ఉన్నదంతా చీకట్లోకి జారిపోయి, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగిలింది. రోజూ చుక్కలు వేసుకుంటే ఆ మిగిలిందైనా నిలుస్తుందనీ, పోయింది మాత్రం తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమె భర్త జాన్ పాల్‌కి నచ్చలేదు. ఈ బెంగాల్ ఊరి రైల్వే వర్క్‌షాపులో ఇంజన్లు విప్పి బిగించే మనిషి. చెడిపోయింది ఇక బాగవదంటే ఒప్పుకోడు. తాతల నాటి తెలుగు చర్చి వదిలి, సుభాష్‌పల్లిలో ఒక మేడ మీద పాస్టర్ రిచర్డ్ నడిపే ప్రార్థన కూడికలో చేరాడు. అక్కడ ఒక ఆదివారం ఆమె కళ్ళకు నూనె రాసి, తల మీద చేతులుంచి అందరూ గొంతెత్తి ప్రార్థన చేశారు. కళ్ళు తెరవగానే కిటికీ మీద పడిన ఎండ తెలిసి, "వెలుగు కనబడతంది" అంది స్వర్ణ. అంతే అంది. జాన్ పాల్ మైకు అందుకుని, "నా భార్యకి సూపు వచ్చింది" అన్నాడు. మేడంతా చప్పట్లు.

స్కూటర్ మీద ఖరిదాలోని ఇంటికి తిరిగొస్తున్నప్పుడు ఆమె భయం భయంగా, "నాను వెలుగు అన్నాను గానీ సూపు అన్నేదండీ" అంది. "వెలుగు కనబడితే సూపు వచ్చినట్టు కాదేటి? దేవుడు సేసినదానికి నువ్వు వంకలెట్టకు" అన్నాడు అతను. అప్పుడే ఇంకోసారి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎవరో ఫోన్లో తీసిన ఆ సాక్ష్యం వీడియో ఊళ్ళు తిరిగింది. జాన్ పాల్ కూడికలో పెద్ద అయ్యాడు. జనం అతన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. చుక్కల మందు అయిపోయినప్పుడు మళ్ళీ తెమ్మంటే, "మందుల షాపోడు మన కూడికకే వస్తాడు. సూపు వచ్చినోళ్ళకి సుక్కలెందుకని అడిగితే ఏటి సెప్పమంటావు?" అన్నాడు. ఇంకోచోట కొనవచ్చని ఇద్దరికీ తెలుసు. ఆదివారం స్కూటర్ దిగే ముందు మాత్రం శ్రద్ధగా పాఠం చెప్పేవాడు. "మెట్ల కాడ సూసన్న ఉంది, ఆకుపచ్చ సీర. పక్కన దాని కూతురు జెనీ, పసుపు డ్రెస్సు." పైకెక్కాక స్వర్ణ, "ఆకుపచ్చ నీకు బాగుంటాది సూసన్నా" అనేది. సూసన్న చెయ్యి పట్టుకుని, "దేవుడు గొప్పోడక్కా" అనేది.

అలా రోజులు గడుస్తుండగా, ఒక మధ్యాహ్నం ఊళ్ళోని తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక అమ్మాయి గొంతు వినిపించింది. పేరు విష్ణుప్రియ, ఊరు నిజామాబాద్, ఇక్కడి ఇంజనీరింగ్ ఇనిస్టిట్యూట్‌లో పరిశోధన చేస్తోందట. తెలుగు అక్షరాలను ఫొటో తీస్తే పైకి చదివి వినిపించే యాప్ ఒకటి తయారు చేస్తున్నారు. ఇంకా పూర్తి కాలేదు. చూపు తక్కువగా ఉన్నవాళ్ళు ఎవరైనా వాడి చూసి, ఎక్కడెక్కడ తప్పు చేస్తోందో చెప్పాలి. జీతం ఏమీ ఉండదు. "దయచేసి మొహమాటపడకుండా తప్పులే చెప్పండి, మెచ్చుకోవద్దు" అంది ఆ అమ్మాయి. ఆ మాట దగ్గర స్వర్ణ చేతిలో గరిటె ఆగింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె తప్పులు చెప్పినవాళ్ళే గానీ, నువ్వు తప్పులు చెప్పు అని ఆమెను బతిమాలినవాళ్ళు లేరు. అత్తగారు నిద్రపోయాక పెరట్లోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"మీకు ఎంతవరకు కనపడుతుంది ఆంటీ?" అని అడిగింది విష్ణుప్రియ, బియ్యం ధర అడిగినంత మామూలుగా. ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ అడగరు, కూడికలో ఎవరికీ అవసరం లేదు. "కంచంలో అన్నం కనబడితే కూర కనబడదమ్మా. కూర కాడికి సూపు తీసుకెళ్తే అన్నం పోతాది" అని మొదలుపెట్టి, రంగులు ఎప్పుడు కలిసిపోయాయో, మెట్టు ఎక్కడ ఉందో కాలితో ఎలా వెతుక్కుంటుందో, అన్నీ చెప్పింది. అవతల అమ్మాయి మధ్యలో అడ్డు రాలేదు, అయ్యో అనలేదు. ఫోన్ పెట్టేశాక స్వర్ణ పెరటి గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. బాధకు కాదు. ఒక నిజం నోటితో అని ఎన్నాళ్ళయిందో అని.

ఆ యాప్‌కి అప్పటికి పేరు కూడా పెట్టలేదు. మొదటి రోజుల్లో అది చదివింది అర్థమైతే ఒట్టు. ఒత్తు కనిపిస్తే చాలు తడబడేది. 'కుక్కర్' అన్నచోట 'కుకర కర' అనేది. రెండు వరసలు కలిపేసి, పప్పు వండే విధానంలోకి సబ్బు ప్రకటన తెచ్చి పెట్టేది. ఒక్కోసారి చదువుతూ చదువుతూ ఊరికే ఆగిపోయేది. ఫోన్ పెనంలా కాలేది. ఆమె తప్పును గొంతుతో రికార్డు చేసి పంపితే, 'మీ సూచన అందింది' అని ఒక మెసేజ్ వచ్చేది, తర్వాత వారాల తరబడి చప్పుడుండేది కాదు. అడగ్గా అడగ్గా టీములోని ఒక కుర్రాడు, "మా ఫోన్లలో అలా జరగట్లేదండీ, మీరే ఏదో తప్పు నొక్కుతున్నట్టున్నారు" అన్నాడు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండింది. ఇలాంటి జవాబులు ఇంట్లో దొరుకుతూనే ఉన్నాయి, ఇంకా ఈ బయటి చాకిరీ ఎందుకని ఒక రోజంతా దాన్ని ముట్టుకోలేదు. కొత్త వెర్షన్ వస్తే పాత తప్పు పోయి, ఇంకో కొత్త తప్పు పుట్టేది. పోయిందనుకున్న తప్పు రెండు నెలల తర్వాత తిరిగొచ్చేది. కానీ మర్నాడు మధ్యాహ్నం అత్తగారి గురక మొదలవగానే మళ్ళీ పెరట్లోకి వెళ్ళేది.

ఎందుకంటే ఒక రోజు వేరుశనగపప్పు పొట్లం కట్టిన కాగితం మీద ఫోన్ పెడితే, అది తడబడుతూనైనా ఒక కథ ముక్క చదివింది. ఎవరిదో, ఎప్పటిదో తెలుగు వారపత్రిక పేజీ, ఈ బెంగాల్ ఊళ్ళోకి ఎలా వచ్చిందో. పెళ్ళికి ముందు ఆమె దొరికిన కాగితమల్లా చదివే పిల్ల. ఆ కథకు మొదలూ లేదు, చివరా లేదు. అయినా ఆ పొట్లం కాగితాన్ని బియ్యం డబ్బా వెనక దాచుకుని నలిగిపోయేదాకా వింది. ఇంకో రోజు విష్ణుప్రియ ఫోన్ చేసి, "ఆంటీ, మీరు చెప్పిన ఒత్తుల తప్పు దిద్దేశాం. ఇప్పుడు వినండి" అంది. స్వర్ణ విన్నది. కుక్కర్, మొక్కజొన్న, చెక్క, అన్నీ గుండ్రంగా పలికింది. తను ఒక మాట అంటే, ఎక్కడో ఒకటి మారింది. ఆమెకు ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఆ రోజు వంకాయ కూర చాలా బాగా వండింది.

జాన్ పాల్ ఒకసారి డ్యూటీ నుంచి తొందరగా వచ్చి, పెరట్లో వినిపిస్తున్న ఆ గొంతు విన్నాడు. స్వర్ణ ఫోన్ కొంగు కింద దాచబోయింది. ఇవ్వమన్నాడు. ఇచ్చింది. తిట్లకు సిద్ధపడి నిలబడింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ముక్కముక్కగా ఆగి సదువుతాందేటి ఇది?" అన్నాడు.

"నానే అడిగినానండి. పని సేసుకుంటూ ఇంటే గబగబా అయిపోతాంది. ఒక్కో ముక్క సదివి ఆగమన్నాను."

జాన్ పాల్ మొహంలో ఏముందో ఆమెకు కనపడలేదు గానీ, గొంతులో సంతోషం వినపడింది. "వచ్చే ఆదివారం స్త్రీల ఆదివారం. పాస్టర్‌గారు నిన్ను వాక్యం సదవమంటన్నారు. ఎలా తప్పించాలా అని సూస్తన్నాను. ఇది సెవిలో పెట్టుకుని, పైన కొంగు కప్పుకో. అది ఒక ముక్క సదివితే నువ్వు ఒక ముక్క సదువు. ఎవులికి తెలుస్తాదే?" అన్నాడు. ఆ సాయంత్రం ఆమెకు కొత్త ఇయర్‌ఫోన్ కొనుక్కొచ్చాడు. పెళ్ళయ్యాక ఆమె అడగకుండా అతను తెచ్చిన వస్తువుల్లో అది మొదటిది కావచ్చు. సుజాతమ్మ చెవి పక్కన వేలితో తడిమి చూసి, "బాగానే దాగింది" అంది. స్వర్ణ పొయ్యి ముందు నిలబడి ఆలోచించింది. ఇన్నాళ్ళూ దొంగతనంగా, తన కోసం, మొహం తెలియని తనలాంటివాళ్ళ కోసం చేసిన పని అది. ఆ పనినీ తీసుకున్నాడు. కోపంగా లాక్కుని ఉంటే ఎదురు చెప్పేదేమో. నవ్వుతూ తీసుకున్నాడు.

స్త్రీల ఆదివారం మేడంతా నిండిపోయింది. స్వర్ణ తల మీద కొంగు కప్పుకుని, గ్రంథం తెరిచి పట్టుకుని మైకు ముందు నిలబడింది. నడుముకు దోపుకున్న ఫోన్‌లో ముందే ఫొటో తీసి ఉంచిన పేజీలోంచి చెవిలో గొంతు ఒక ముక్క చదివింది, ఆమె ఆ ముక్క పలికింది. ఇంకోటి. ఇంకోటి. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు. సగంలో చెవిలో గొంతు ఆగింది. మామూలుగా ఆగే ఆగడం కాదు. ఆమె ఎదురు చూసింది. కాసేపటికి ఆ గొంతు, "క్షమించండి, ఈ పేజీ ఖాళీగా ఉంది" అంది. ముందు రోజు సాయంత్రం కొత్త వెర్షన్ తనంతట తనే ఎక్కిందని ఆమెకు తెలియదు. ముందు వరసలో జాన్ పాల్ దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. ఆ నిశ్శబ్దంలో ఒక్క మాట అనవచ్చని ఆమెకు తట్టింది. నాకు కనబడదు. రెండే పదాలు. నోటి దాకా వచ్చాయి. వాటిని మింగేసింది. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టిన భాగమే అది. కళ్ళు మూసుకుని, మిగిలిందంతా జ్ఞాపకం నుంచి చదివేసింది. చివర ఏడుపు వచ్చింది. జనం ఆ ఏడుపును భక్తి అనుకున్నారు. మేడంతా ఆమేన్ అంది.

తర్వాత టీ ఇస్తుండగా సూసన్న వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, ఈరోజు నీ నోటమ్మట వాక్యం ఇంటే నాకు ధైర్నం వచ్చినాది. మా జెనీకి కూడా నీకున్న జబ్బే, ఎవులికీ సెప్పనేదు. ఈస్టర్ నుంచి దానికి సుక్కలు ఆపీసినాం. మందు ఒక పక్క, నమ్మకం ఒక పక్క ఉండకూడదన్నారు జాన్ పాల్ అన్న. అది రోజూ గోలెడతాది, పక్కనున్నది కనబడ్డం నేదమ్మా అని. నానే గసిరీసినాను. స్వర్ణక్కకి రానేదేటి, నీకెందుకు రాదే అనీసి."

స్వర్ణ భుజం మీద జాన్ పాల్ చెయ్యి పడింది. "దేవునికి స్తోత్రం. పద, ఇంటికి ఎల్దాం" అన్నాడు. ఆ చెయ్యి బరువుగా నొక్కుతోంది. స్వర్ణ కొంగు వెనక్కి తోసి, చెవిలోంచి ఇయర్‌ఫోన్ పీకి, సూసన్న చేతిలో పెట్టింది.

"నాకు కనబడదు సూసన్నా. ఎప్పుడూ బాగవనేదు. ఇందాక సగం ఇది సదివింది, మిగిలిన సగం నాకు నోటికొచ్చు. సుక్కలు ఆపీసినాక నాకు ఇంకా పోనాది. పిల్లని రేపు కాదు, ఇప్పుడే డాక్టరు కాడికి తీసుకెల్లు."

"సిస్టర్, అలసిపోయారు మీరు" అన్నాడు పాస్టర్ రిచర్డ్. "ఒంట్లో బాలేదు దానికి, నిన్నటి నుంచీ జొరం" అన్నాడు జాన్ పాల్. సూసన్న మాత్రం కదల్లేదు.

"మరి నా ఆకుపచ్చ సీర?" అంది.

"కింద స్కూటర్ దిగినప్పుడు ఆయన సెప్తారు, పైకొచ్చి నాను నీకు సెప్తాను."

సూసన్న ఇయర్‌ఫోన్‌ను నేల మీద పడేసింది. "ఆడదానివి, నువ్వు కూడానా?" అంది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది. అంతకు మించి ఆమె తిట్టి ఉంటే బాగుండునని స్వర్ణకు అనిపించింది.

ఇంట్లో జాన్ పాల్ చెయ్యి చేసుకోలేదు. ఫోన్ తీసుకుని డ్యూటీ సంచిలో వేసుకున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, తిన్నాక, "వచ్చే ఆదివారం లేచి నిలబడి, నా నమ్మకం తగ్గినాది, అందుకే వచ్చిన సూపు మళ్ళీ పోనాది అని సెప్తావు. పాస్టర్‌గారితో మాటాడినాను. అంతే, అక్కడితో అయిపోతాది" అన్నాడు. ఇంజన్‌లో ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పినట్టు చెప్పాడు. సుజాతమ్మ మధ్యలో కలగజేసుకుని, "ఒక మాట అనీసి వచ్చీయే. పోయిన కళ్ళెలాగూ పోనాయి, మగోడి పరువెందుకు తియ్యడం?" అంది. స్వర్ణ కంచాలు తీసింది. వాళ్ళ లెక్కలో ఆమె చూపు కూడా ఆమె తప్పే. వచ్చిందంటే అతని ప్రార్థన, పోయిందంటే ఆమె లోపం.

జెనీ సంగతి ఎదురింటి ఆవిడ ద్వారా తెలిసింది. కలకత్తా తీసుకెళ్ళారట. ఎడమ కంటికి పక్క చూపు చాలావరకు పోయింది, అది ఇక రాదు. రెండో కన్ను మందులతో నిలబెట్టవచ్చన్నారు. స్వర్ణ ఆ రోజు ఏ పని చేస్తున్నా ఒకటే లెక్క. ఆ మేడ మీద మొదటి ఆదివారమే చెప్పి ఉంటే. స్కూటర్ మీద ఇంకోసారి చెప్పి ఉంటే. తనను బెదిరించారు, నిజమే. కానీ ఆకుపచ్చ బాగుంటుందని అన్న నోరు తనదే. ఆ పిల్ల ఎడమ పక్క చీకటిలో తన వాటా ఎంతో ఎవరు చెప్తారు?

ఫోన్ ఎత్తకపోయేసరికి విష్ణుప్రియ టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి ఖరిదాకి వెతుక్కుంటూ వచ్చింది. గేటు దగ్గర సుజాతమ్మ, "ఇంట్లో నేదు" అంటుండగా వంటింట్లోంచి స్వర్ణ, "ఉన్నానమ్మా" అని బయటికొచ్చింది. జరిగిందంతా అత్తగారి ముందే చెప్పింది. "సారీ ఆంటీ. ఆ వెర్షన్ అందరి దగ్గరా ఆగిపోయింది. మేం సరిగ్గా చూడకుండా పంపించేశాం" అంది ఆ అమ్మాయి.

"అది ఆగిపోయినందుకు కాదమ్మా నా బాధ. అది ఆగినప్పుడు నాను ఆగనేదు."

విష్ణుప్రియ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆదివారం ఇనిస్టిట్యూట్‌లో కొత్త వెర్షన్ పరీక్ష పెట్టారనీ, ఇన్నాళ్ళూ ఎవరింట్లో వాళ్ళు వాడినవాళ్ళంతా మొదటిసారి ఒకచోట కూర్చుంటారనీ, ఫోన్లు వాళ్ళే ఇస్తారనీ చెప్పింది. "కారు పంపనా?" అంది. "వద్దమ్మా, నాను వస్తాను" అంది స్వర్ణ. ఎలా వస్తుందో ఆమెకు తెలియదు.

ఆదివారం ఉదయం వంట ముగించి, అత్తగారికి కంచం పెట్టి, స్వర్ణ చీర మార్చుకుంది. జాన్ పాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయట స్కూటర్ తుడుస్తున్నాడు. పాత గొడుగు ఒకటి చేతికర్రలా పట్టుకుని, దాని మొనతో నేల తడుముతూ ఆమె గేటు దాటింది. స్కూటర్ ఎక్కలేదు. సందు చివర మెయిన్ రోడ్డు మీద టోటోల హారన్లు వినిపిస్తున్న వైపు తిరిగింది.

"ఎటే?" అన్నాడు అతను.

"ఇనిస్టిట్యూట్‌కి. సాయంత్రానికి వస్తాను."

"కూడికకి టైమవుతాంది. అందరూ నీ కోసం ఉంటారక్కడ."

ఆమె నడుస్తూనే ఉంది. గొడుగు మొన ఒక రాయికి తగిలింది, పక్కకు తప్పుకుంది. ఒక సైకిలు బెల్లు కొట్టి, ఆమెను చూసి ఆగింది. వెనక అతని అడుగులు రెండు ముందుకు పడి నిలిచిపోయాయి. పరుగెత్తి వచ్చి చెయ్యి పట్టుకోవడానికి సందంతా మనుషులు. అరుగుల మీద బెంగాలీ ఆడవాళ్ళు, కుళాయి దగ్గర తెలుగువాళ్ళు, కూడికకి బయల్దేరిన రెండు కుటుంబాలు. జాన్ పాల్‌కి ఇక గొంతే మిగిలింది.

"ఒసే! కళ్ళు కనబడని దానివి, ఒక్కదానివీ ఎక్కడికెల్తావే?" అని అరిచాడు.

కుళాయి దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది. స్వర్ణకుమారి నిలబడి, అతని గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"ఆ మాటే ఈ పూట ఆ మేడ మీద కూడా సెప్పండి" అంది.